మా అత్త మోకాలు ఆరబెట్టిన వైనం

ఇరవై నిండని రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయి, పలాసలో ఎముకల డాక్టరు గారి దగ్గర చీటీలు రాసే పనిలో కొత్తగా చేరాను. మందుల కంపెనీ నుంచి ఒకాయన టై కట్టుకుని వచ్చేవాడు. డాక్టరు గారికి తీరిక దొరికేలోపు ఉపన్యాసమంతా నాకే అప్పజెప్పేవాడు. "మోకాల్లో ఉండే జిగురే హైలురోనిక్ యాసిడ్, మేడమ్. ఉత్తగా ఎక్కిస్తే నిలవదు, కరిగిపోతుంది. మా జెల్‌లో దాన్ని పట్టి ఉంచే పదార్థం ఉంది." (నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి. నమ్మక ఏం చేస్తాను.) సాయంత్రానికల్లా వరండాలో రోగులకి అదే ఉపన్యాసం నేను ఇస్తున్నాను, టై ఒక్కటే తక్కువ.

బారువలో మా అత్త చేపల గంప మోసి మోసి మోకాళ్లు అరగదీసుకుంది. గంప దించేస్తే ఇల్లు గడవదు. నా మాట మీదే వచ్చి ఆ ఇంజెక్షన్ వేయించుకుంది. "రెండ్రోజులు బరువులెత్తకమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇంత గొప్ప మందుకి అంత చిన్న సలహా నాకు ఆనలేదు. బస్సు ఎక్కించేటప్పుడు మామకి విడమరిచి చెప్పాను.

"మావా, పడవ అతుకుల్లో నీళ్లు దూరకుండా గుగ్గిలం పెడతారు కదా, ఇదీ అంతే. ఆరి గట్టిగా పట్టీదాకా కదపకూడదు."

"అలగైతే నాకొదిలీ," అన్నాడు మామ. పడవ సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా.

ఆదివారం వెళ్లి చూద్దును కదా, ఒడ్డున ఇసకలో మామ పాత పడవ బోర్లించి ఉంది. దాని పక్కనే అత్త, కాలు బారజాపి, మోకాలు ఎండకి పెట్టి. తడి తగలకూడదని స్నానం కూడా లేదట. మామ మెటికతో పడవని టకటకా కొట్టి, అదే చేత్తో మోకాలినీ కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఇంకా ఆరనేదే."

"ఈ మడిసి నన్ను సముద్రంలోకి తోసీదాకా వదలడే గుంటా," అంది అత్త.

(నాకు నవ్వు రాలేదు సరికదా, ఎండ చాలడం లేదేమో, కాలు కొంచెం ఇటు తిప్పమన్నాను.)

మళ్లీ చూపించుకునే రోజుకి ఆ కాలు తెడ్డులా బిగిసిపోయింది. ఆటోలోంచి మామ దాన్ని అడ్డంగా దించాడు. డాక్టరు గారు కంగారుపడ్డారు. "మెల్లగా నడుస్తుంటేనే కదమ్మా కీలు ఆడేది. కదపొద్దని ఎవరు చెప్పారు?" నేను సర్దిన చీటీలే మళ్లీ సర్దడం మొదలెట్టాను. అత్త నా వైపు చూడనైనా లేదు.

"మా పడవండి," అంది.

ఆవిడని మా ఇంట్లోనే ఉంచుకుని రోజూ పొద్దున్నే సందులో నడిపించాను. అడుగడుక్కీ తిడుతూనే నడిచింది. "ఒలే, సరిగ్గా పట్టుకో, నీ గుగ్గిలం కారిపోతంది." నెల తిరిగేసరికి గంప ఎత్తుకుంది, మునుపటి కంటే చిన్నది.

ఇప్పుడు టై ఆయన వస్తే నేరుగా లోపలికి పంపేస్తాను. మోకాళ్ల గురించి ఎవరడిగినా డాక్టరు గారిని అడగమంటాను. అత్త మాత్రం మా ఇంట్లో చేపలిచ్చి వెళ్తూ గుమ్మంలో ఆగి, కాలు ముందుకి చాపుతుంది.

"ఒలే డాక్టరమ్మా, సూడు. ఆరిందేటి?"

మెటికతో కొట్టి, చెవి పెట్టి వింటాను. ఇరవై నిండని ఆ పిల్లయితే ఏం వినబడిందో వెంటనే చెప్పేసేది.