వత్తన్నానంటే వద్దన్నానని రాసింది

మా అక్కకు ఎనిమిదేళ్లుగా చెవులు వినబడవు. శ్రీకాకుళంలో బావతో ఉంటుంది, పిల్లలు లేరు. ఆమెకు ఏం చెప్పాలన్నా తెలుగులో రాసి ఫోన్‌కి పంపాల్సిందే. నాకేమో రిటైరైన ఏడాది నుంచి చేతులు వణుకుతున్నాయి. ఒక అక్షరం నొక్కబోతే పక్కది పడుతుంది. మేముండేది జంషెడ్‌పూర్‌లో. మా ఆవిడ ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. అందుకే ఊళ్లో మాంగో అనే పేటలో ఒక మొబైల్ షాపతను నా ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఒకటి వేసిపెట్టాడు. అందులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడేవి. తప్పులున్నా అక్క సర్దుకుని చదువుకునేది.

ఒకరోజు పొద్దున్న అక్క మెసేజ్ వచ్చింది. ‘బావకి పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషనంట, ఎల్లుండి. వత్తావా తమ్ముడా?’

జవాబివ్వబోతే మైకు బొమ్మ లేదు. ముందురోజు ఫోన్ అప్‌డేట్ అయింది. నేను చదివినట్టు అక్కకు తెలిసిపోతుంది, జవాబు మాత్రం వెళ్లదు. బావకి ఫోన్ చేస్తే స్విచాఫ్. మా ఆవిడ సెట్టింగులన్నీ తిరగేసింది. ఎలాగో మైకు వచ్చింది గాని, ‘అక్కా’ అంటే హిందీ అక్షరాలు పడ్డాయి.

ఇద్దరం సిద్ధగోరాలోని మా ఇంటి నుంచి ఆటోలో వంతెన దాటి ఆ షాపుకే వెళ్లాం. అతను చూసి హిందీలో చెప్పాడు, “అంకుల్, కీబోర్డ్ బాహర్ కా హై, పర్మిషన్ బంద్ హో గయా.” ఫోన్‌తో వచ్చిన కీబోర్డు కాదు గనక దాని మైకు అనుమతి ఆగిపోయిందట. మైకుకి అనుమతిచ్చి, భాష తెలుగుకి మార్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

షాపు గుమ్మంలోనే నిలబడి, ఆటోల హారన్ల మధ్య గట్టిగా అన్నాను: “నాను వత్తన్నానక్కా.”

చదువుకుందామనుకునే లోపే నా వేలు వణికి పంపే గుర్తు మీద పడింది. తెర మీద చూస్తే, ‘నేను వద్దన్నానక్కా’ అని ఉంది.

“అయ్యో, తీసెయ్, తీసెయ్!” అన్నాను.

మా ఆవిడ కంగారుగా ఏదో నొక్కింది. మాట మాయమైంది.

“పోయిందండీ,” అంది.

షాపతను ఫోన్ తీసుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. మా ఫోన్‌లోనే చెరిగిందట. అక్క ఫోన్‌లో అలాగే ఉందట.

ఈసారి రేడియోలో వార్తలు చదివేవాడిలా ఒక్కో మాటా విడదీసి, “నేను వస్తున్నాను” అన్నాను. సరిగ్గానే పడింది, పంపాను. కాని అది అక్కకు చేరనే లేదు. ఆమె ఫోన్ ఆగిపోయిందేమో, బాధపడి తనే ఆపేసిందేమో. మళ్లీ మళ్లీ పంపాను. చేసేదేం లేక ఆ సాయంత్రమే రైలెక్కాను.

మర్నాడు ఆసుపత్రి వరండాలో అక్క బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

“వద్దన్నావు గదరా. మరేటికొచ్చినావు?” అంది, చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా.

“నానలాగనలేదక్కా, ఫోనే తప్పు రాసినాది,” అన్నాను. ఆమె నా పెదాల వైపే చూసింది. అర్థం కాలేదు. మైకు నొక్కి చెబుదామంటే ఆ వరండాలో సిగ్నల్ లేదు, చక్రం తిరుగుతూనే ఉంది. నర్సు దగ్గర పెన్ను తీసుకుని చీటీ మీద రాయబోయాను. గీతలే పడ్డాయి. అక్క ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి మడిచి సంచిలో పెట్టుకుంది.

“తిన్నావేటి?” అంది.

తినలేదు. తిన్నానని తలూపాను.