వడ్రంగి పిట్టా, చెంబెడు నీళ్లూ

ఆ రోజుల్లో తలుపు చప్పుడైతే మా ఇంట్లో "ఎవరు?" అని అడిగే అలవాటు లేదు. అమ్మ లేచి చెప్పులు వేసుకునేది, అంతే. మాచ్‌ఖండ్ కొండల్లో కరెంటు ప్రాజెక్టు కాలనీలో ఉంటూ ప్రసవాలు చేసే నర్సు ఆవిడ. కొండమీది ఊళ్లవాళ్లు ఎంత ఆపదలో ఉన్నా కేకలు వెయ్యరు. మా వరండా కర్రస్తంభం మీద వేలి కణుపులతో మెల్లగా కొట్టి, దూరంగా జరిగి నిలబడతారు. (ఆ మర్యాద నాకు ఇప్పటికీ అబ్బలేదు.) దగ్గర్లో తెలుగు బడి లేక ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకునే నాకు పద్నాలుగేళ్లు. ఆ చప్పుడు వినగానే ఆవిడ సంచి అందించడం నా పని.

ఒక చలికాలం ఆ స్తంభాన్ని వడ్రంగి పిట్ట పట్టుకుంది. ఎర్రటి జుట్టు, బంగారు వీపు, రాజకుమారుడిలా ఉండేది. తెల్లవారుతూనే టకటకటక! అమ్మ పరుగున తలుపు తీస్తే పొగమంచు తప్ప మనిషి ఉండడు. నాలుగు రోజులు అలా లేచి, అయిదో రోజు ఆవిడ లేవలేదు. నిజంగా ఎవరైనా వచ్చిన రోజు కూడా ఇలాగే పడుకుంటే? పైకి అనకపోయినా అమ్మకీ నాన్నకీ నాకూ అదే భయం.

"ఒక్క రాయి సాలు," అన్నారు నాన్న.

"రాయి ముట్టేరంటే ఊరుకోను! దాని ముక్కు దేవుడే సెక్కేడు. తరమండి గానీ దెబ్బ తగలకూడదు," అంది అమ్మ.

మెరిసేది చూస్తే బెదురుతుందని కిరసనాయిలు డబ్బా కోసి, రేకుముక్క వేలాడదీశాను. రెండు రోజులు రాలేదు. ప్రార్థనలో కృతజ్ఞతలు కూడా చెప్పేశాను. మూడో రోజు వచ్చి ఆ రేకు మీదే వాయించింది. అంతవరకూ మా ఇంటికే వినపడేది, ఇప్పుడు కాలనీ అంతా లేచింది. "దానికి డోలు కొనిచ్చేవేటి అమ్మీ!" అని నాన్న పడీ పడీ నవ్వారు.

రేకు విప్పేసి, ఇక నీళ్లు చల్లుతానన్నాను. "సల్లు. తానమైనా సేస్తాది," అంది అమ్మ.

మర్నాడు తలుపు వెనక చెంబుతో మాటు వేశాను. టక్, టక్, టక్. (కాస్త నెమ్మదిగా ఉందని అప్పుడే తోచాలి. తోచలేదు.) పిట్ట మొహం చూస్తే జాలేస్తుందని కళ్లు మూసుకుని తలుపు తీసి, చెంబెడు చన్నీళ్లూ విసిరేశాను.

కళ్లు తెరిస్తే ఒక కొండమనిషి. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నా చేతులు జోడించే ఉన్నాడు. "నర్సమ్మ ఉందా? మా ఇంటిది నొప్పులు పడతంది," అన్నాడు వణుకుతూ.

"పిట్టనుకున్నానండీ," అన్నాను. ఆయన పాపం తనని తాను ఒకసారి కిందకీ పైకీ చూసుకున్నాడు.

అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది. నాన్న కప్పుకునే దుప్పటి తెచ్చి ఆయనకి కప్పి, "తడిపింది నువ్వే గదా, సంచి మొయ్యి. నడు అమ్మీ!" అంది.

దారంతా ఎక్కుడే. నా వల్ల ఆలస్యమైందేమోనని ఏడుస్తూ, దేవుణ్ణి బతిమాలుతూ ఎక్కాను. మేం చేరేసరికి బిడ్డకి తల బదులు కాళ్లు ముందు వస్తున్నాయి. నన్ను గుడిసెలో ఒక మూల నిలబెట్టి, అమ్మ ఆ నొప్పులు పడే మనిషి పక్కన కూర్చుంది. చాలాసేపటికి చిన్న ఏడుపు వినపడింది. తలుపులోంచి ఎవరూ రాలేదు, అయినా ఆ గదిలో ఒక మనిషి ఎక్కువయ్యారు! అమ్మ గుడ్డలో చుట్టిన పాపని నా చేతుల్లో పెట్టింది. అంత చిన్న వేలికి కూడా గోరుంది. ప్రార్థన సంగతి మరిచిపోయి ఆ వేళ్లే లెక్కపెడుతూ ఉండిపోయాను.

పది రోజుల తరవాత ఆ తండ్రే వచ్చి మా స్తంభానికి చెవి ఆన్చి విన్నాడు. "పిట్ట తప్పేటి లేదు. లోపల పురుగుంది," అని కత్తితో పురుగుల్ని తవ్వి తీసి, కన్నాలు పూడ్చి, కానుగ నూనె రాశాడు. పిట్ట రెండు పూటలు వచ్చి చూసి, పనసచెట్టుకి వెళ్లిపోయింది. మేము పిట్టతో పోట్లాడుతూ కూర్చున్నాం, దాని ఆకలి సంగతి ఆయనకి తట్టింది.

తరవాత నేనూ అమ్మ పనిలోనే జుట్టు నెరిపించుకున్నాను. ఈ వయసులో కూడా బిడ్డ బయటపడగానే నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోతాను. "బొడ్డు కొయ్యండమ్మా," అని పక్కవాళ్లు గుర్తు చెయ్యాలి.