రెండో బ్రేకు

అద్దం కొంచెం దించగానే తడిసిన వరిగడ్డి వాసన కారులోకి వచ్చింది. తెనాలి దాటి చుండూరు రోడ్డెక్కేసరికి పొలాలు, కాలవ, కరెంటు స్తంభాలు అన్నీ మంచులో కలిసిపోయాయి. కారు నడుపుతున్నది నా కోడలు స్నేహ. బాపట్లలో కాలేజీ ఉద్యోగం, ఇంకా కొత్త. "మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది అత్తయ్యా" అంటే బయల్దేరాను. ఆ పిల్లకి ధైర్యం వచ్చిందో లేదో గాని, ముందు ఒక ఎర్ర లైటు మసగ్గా కనపడగానే నా కుడికాలు కింద మ్యాటును గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఉండదని నాకూ తెలుసు. ఎడమ సీటు దగ్గర కూడా బ్రేకున్న కారు నేను ఎక్కింది ఒక్కటే, అది రూతమ్మ టీచర్ గారిది.

తెనాలిలో సగం మందికి ఆవిడ డ్రిల్లు టీచరు. మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పొడవాటి మనిషి. పేరాల నేతచీర, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో గొలుసుకి బదులు విజిలు. రిటైరయ్యాక చర్చి పనులు చూసుకుంటారని అందరూ అనుకుంటే, ఆవిడ ఒక పాత తెల్ల కారు కొని ఆడవాళ్ళకి డ్రైవింగు స్కూలు పెట్టారు. పాస్టరు గారు "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నారట. "ఇన్నాళ్ళూ పిల్లల్ని పరిగెత్తించానండి, ఇప్పుడు తల్లుల్ని పరిగెత్తిస్తాను" అన్నారట ఈవిడ. ఆ మాట అన్నారో లేదో నాకు తెలియదు గాని, అనగల మనిషే.

బ్యాంకువాళ్ళు నన్ను రేపల్లె బ్రాంచికి బదిలీ చేసినప్పుడు ఆవిడ దగ్గర చేరాను. రైలు నా టైముకి ఉండేది కాదు, బస్సు దాని టైముకే ఉండేది కాదు. మొదటి రోజు నేను స్టీరింగు పట్టుకున్న తీరు చూసి, "ఏంటమ్మాయ్, అది పారిపోతుందనుకున్నావా?" అన్నారు. డ్రైవింగు స్కూలు కారు కాబట్టి ఆవిడ కాలి కింద రెండో బ్రేకు ఉండేది. నేను తప్పు చేస్తే తిట్టేవారు కాదు, టక్కుమని ఆ బ్రేకు నొక్కేవారు. కారు ఆగిపోయేది, నేను ముందుకి ఊగేదాన్ని, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. తిట్టినా అంత సిగ్గేసేది కాదు. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళకి ఆ టక్కు నాకు అలవాటైపోయింది. నేను చూడకపోయినా ఆవిడ చూస్తారులే అన్న ధీమాతో బండి నడిపేదాన్ని.

చలికాలం వస్తే మిగతా స్కూళ్ళవాళ్ళు మంచు విడిచాక రమ్మనేవారు. ఈవిడ మంచు బాగా పట్టినప్పుడే మా గేటు ముందు హారను కొట్టేవారు. "ఎండలో నడపడం నేర్పడానికి నేనెందుకు?" అనేవారు. కారెక్కగానే పాటలు కట్టేయించి, అద్దాలు దింపించేవారు. చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే, "కళ్ళు పనిచెయ్యని చోట చెవులు పనిచెయ్యాలి కదమ్మా" అనేవారు. పెద్ద లైటు వెయ్యనిచ్చేవారు కాదు. వేస్తే ఆ వెలుగంతా మంచుకి తగిలి మన మొహం మీదికే వస్తుంది, ఎదర ఉన్న కాస్త రోడ్డూ పోతుంది. ఇప్పటికీ ఈ సంగతి తెలియని మహానుభావులు రోజూ నాకు ఎదురొస్తూనే ఉంటారు.

ఆ రోజుల్లో చేసిన ఘనకార్యం ఒకటుంది. ఏమీ కనపడకపోతే ముందు బండి ఎర్ర లైటు పట్టుకుని పోవడం మా వైపు అందరికీ అలవాటు. నేనూ ఒక ఎర్ర లైటు దొరికిందని సంబరపడి, దాని వెనకే చక్కగా పోయాను. రోడ్డు ఎందుకో గతుకులు పడుతోంది. టీచర్ గారు ఏమీ అనలేదు, బ్రేకూ నొక్కలేదు. చివరికి ఆ లైటు ఆగింది. అది ట్రాక్టరు. మేము ఒక రైతు కళ్ళంలో, వరికుప్పల మధ్య ఉన్నాం. ఆయన తలకి చుట్టుకున్న మఫ్లరు విప్పుకుంటూ వచ్చి, "ధాన్యం బేరానికొచ్చారా అమ్మా?" అని అడిగాడు. టీచర్ గారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. "వాడి దారి వాడిది, నీ దారి నీది. ఎడం పక్క మార్జిను చూసుకుంటూ పో" అన్నారు. ఆ రైతు మాకు టీ కూడా ఇప్పించాడు.

ఒకసారి ఆవిడ చర్చి వాళ్ళతో సిమ్లా వెళ్ళొచ్చారు. అసలైన మంచు చూశారు కదా, ఎలా ఉందండీ అని అడిగాను. "ఆ మంచు మనకి కనపడుతుంది. మన మంచు ఏదీ కనపడనివ్వదు. అంతే తేడా" అన్నారు. మిగతా ఆడవాళ్ళు మంచు ముద్దలు విసురుకుని ఫోటోలు దిగితే, ఈవిడ డ్రైవరు పక్కన కూర్చుని అతని కాళ్ళే చూశారట. గడ్డకట్టిన రోడ్డు మీద అతను బ్రేకు తొక్కలేదట, చిన్న గేరులో మెల్లగా దింపుకొచ్చాడట. వచ్చిన మర్నాడే నన్ను చుండూరు వైపు తీసుకెళ్ళారు. అక్కడ ట్రాక్టర్లు పొలాల్లోంచి మోసుకొచ్చిన నల్లమట్టి తారురోడ్డు మీద పరుచుకుని, మంచుకి తడిసి, సబ్బు రాసినట్టుంది. "ఇదే మన సిమ్లా. కాలు ఎత్తు, గేరు తగ్గించు, బ్రేకు మీద ఎగిరి దూకకు" అన్నారు. కారు కొంచెం పక్కకి జారింది, మళ్ళీ తనంతట తనే సర్దుకుంది. నాకు ఆ రోజు పట్టరాని ఆనందం వేసింది.

తర్వాత ఆవిడ కళ్ళు మందగించాయి. నీటికాసులన్నారు డాక్టర్లు. కొత్తవాళ్ళని చేర్చుకోవడం మానేశారు. పేరాలలో తమ్ముడి కూతురి పెళ్ళికి, "కారు నాది, కళ్ళు నీవి, పద" అన్నారు. తెల్లవారాక బయల్దేరాం. బాపట్ల దాటి చీరాల వెళ్ళే హైవే ఎక్కేసరికి మంచు గోడ కట్టినట్టు వచ్చేసింది. ఎప్పటిలాగే ఆవిడ కాలి వైపు చూశాను. బూట్లు కింద ఉన్నాయి. ఆవిడ సీటు బెల్టు పెట్టుకుని, కాళ్ళు పైకి మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు.

"టీచర్ గారూ, కాళ్ళు కింద పెట్టండి. నాకు భయంగా ఉంది."

"నాది కిందుంటే నీ కాలు పనిచెయ్యదు. ఎంతవరకు కనపడుతుందో అంతలో ఆపగలిగేలా నడుపు. చాలు."

నాకు కోపం వచ్చింది. కళ్ళు సరిగా కనపడని మనిషి, ఈ మంచులో, బ్రేకు వదిలేసి ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చోవడమేంటి? కానీ ఆ కోపంతోనే నా ఒళ్ళు నిటారైంది. లైటు తగ్గించాను, అద్దాలు దించాను. అందుకే ఆ చప్పుడు వినపడింది. ముందెక్కడో ధనామని ఒకటి, వెంటనే అద్దాలు పగిలినట్టు ఇంకొకటి. కాలు ఎత్తేశాను. గేరు తగ్గించి, ఎడమ ఇండికేటరు వేసి, మార్జిను కూడా దాటించి సరుగుడు తోట పక్కన ఇసకలో ఆపాను.

"దిగు" అన్నారు టీచర్ గారు.

"దిగాం కదండీ రోడ్డు."

"రోడ్డు దిగావు. ఇప్పుడు బండి కూడా దిగు. ఎడం పక్క నుంచి."

సరుగుడు చెట్ల వెంట ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించాను. రోడ్డు మధ్యలో ఒక లారీ, దాని వెనక చొచ్చుకుపోయిన వ్యాను, దాని వెనక ఒక కారు. దేవుడి దయవల్ల ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. లేకపోబట్టే అందరూ దిగి, నడిరోడ్డు మీద నిలబడి, తప్పెవరిదో తేల్చుకుంటున్నారు. వ్యానువాడు లారీవాడి చొక్కా పట్టుకున్నాడు. కారాయన సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. పక్క ఊరివాళ్ళు నలుగురు చూడ్డానికి వచ్చి, తీర్పు చెప్పడానికి నిలబడ్డారు. వెనక నుంచి ఏ బండి వచ్చినా వీళ్ళెవరూ దానికి కనపడరు.

మంచులోంచి విజిలు మోగింది. నా పక్కనే మోగినా ఉలిక్కిపడ్డాను.

"అందరూ ఎడం పక్కకి! ముందు రోడ్డు దిగండి, తిట్టుకోవడం తర్వాత!"

"ఎవరండీ మీరు? నా వ్యాను నాశనమైపోతే..." అన్నాడు అతను.

"ఆ చొక్కా వదలకపోతే మానెయ్, దాంతోపాటే ఈడ్చుకురా. ఊఁ, కదులు!"

మళ్ళీ విజిలు. ఆ గుంపులో ఎవరో "డ్రిల్లు టీచర్ గారండోయ్!" అన్నారు. అంతే, పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళంతా బడిపిల్లల్లా ఇసకలోకి దిగారు. వ్యానతను నిజంగానే లారీ డ్రైవరు చొక్కా వదలకుండా వచ్చాడు. నాకు నవ్వొచ్చింది. టీచర్ గారు విజిలు మెడలోంచి తీసి నా చేతిలో పెట్టారు. "నేను పరిగెత్తలేను. నువ్వు వెనక్కి వెళ్ళి ఊదు. చెట్ల వెంటే పో, రోడ్డెక్కకు" అన్నారు.

నేను ఇంకా మా కారు దాటి కొంచెమే వెళ్ళాను. ధాన్యం లారీ ఒకటి నా పక్కనుంచి దూసుకుపోయింది. ఎంత ఊదినా దానికి వినపడలేదు. రోడ్డు మీది కారు, వ్యాను, అన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెళ్ళిన చప్పుడు నా వీపుకి తగిలింది. వెనక్కి తిరగాలనిపించింది. తిరగలేదు. ఊదుతూనే నడిచాను. ఆ తర్వాత వచ్చిన బస్సు వేగం తగ్గించింది, దాని వెనకవి కూడా తగ్గించాయి. తిరిగొచ్చేసరికి వ్యానతను ఇసకలో కూర్చుని, ఇందాక తాను నిలబడ్డ చోటు వైపు చూస్తున్నాడు. అక్కడ వడ్ల బస్తాలు పగిలి ఉన్నాయి. మొదటి లారీ డ్రైవరు అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ధాన్యం లారీ నడిపినతనికి కాలు విరిగింది, అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. ఎవరి ప్రాణం పోలేదు.

మేము పెళ్ళి ప్రమాణాలకి కాదు, భోజనాలకి అందాం. ఆకు ముందు కూర్చున్నాక, "మీరు కాలు కింద పెట్టి ఉంటే?" అని అడిగాను. ఆవిడ నా ఆకులో పప్పు వెయ్యమని వడ్డించేవాళ్ళకి సైగ చేసి, "నువ్వు నా బ్రేకు కోసం చూసేదానివి. నేను నీ కళ్ళ కోసం చూసేదాన్ని. తిను" అన్నారు. విజిలు తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. పోయిన ఏడాది ఆవిడ వెళ్ళిపోయారు. ఆవిడంటే నాకు అమ్మంత ఇష్టమని బతికుండగా ఒక్కసారైనా చెప్పాల్సింది.

ముందున్న ఎర్ర లైటు దగ్గరవుతోంది. స్నేహ ఒకసారి నా కాలి వైపు చూసింది. మ్యాటు మీద బిగుసుకున్న నా పాదాన్ని నేనూ చూశాను. చెప్పులు విప్పి, మోకాళ్ళు కుయ్యోమంటున్నా కాళ్ళు పైకి మడిచి కూర్చున్నాను.

"ఏంటత్తయ్యా, కాళ్ళు నొప్పా?"

"లేదమ్మా. నువ్వు నడుపుతున్నావుగా."

స్నేహ రేడియో కట్టేసింది. తన వైపు అద్దం కూడా దించింది.