కళ్లంలో పడవ

మా బావకు ఎండాకాలంలో సముద్రం ఎండిపోతుందని భయం. నేను కల్పించి చెప్పడం లేదు. బోర్లు వేసి వేసి, పడిన కాసిని నీళ్లూ ఎండలు ముదరకముందే అడుగంటి, ఆ మనిషికి నీళ్లంటేనే నమ్మకం పోయింది. అందుకే పడవ ప్రయాణం ఎప్పుడు పెట్టుకుందామంటే వానాకాలం అన్నాడు. విత్తనాలు వేశాక కొన్నాళ్లు తీరిక దొరుకుతుంది, అప్పటికి సముద్రం కూడా నిండి ఉంటుంది, ఇంకేం కావాలని ఆయన వాదన.

బావ అంటే మా అక్క మొగుడు. న్యాల్‌కల్ దగ్గర అల్లం, చెరకు, జొన్న పండిస్తాడు. నేను జహీరాబాద్ బస్టాండు పక్కన జిరాక్స్ షాపు నడుపుతాను. మా ఆయన ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మా నలుగురిలో సముద్రం చూసింది మా ఆయన ఒక్కడే, అదీ రైలు కిటికీలోంచి. అది సముద్రం కాదు చెరువని నేనంటాను. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. ఇలాంటి మేము కొంకణ తీరంలో తెరచాప పడవ అద్దెకు తీసుకుని వారం రోజులు తిరగాలని ఎందుకనుకున్నామంటే, కారణం రొట్టెలు.

అక్క ఇల్లు రోడ్డు మీదే ఉంటుంది. బీదర్ పోయేవాళ్లు, రాయికోడ్ నుంచి వచ్చేవాళ్లు, ఎటూ పోని వాళ్లు, అందరికీ అదే మజిలీ. బండి స్టాండు వేస్తూనే అడిగే మాట ఒకటే: రొట్టెలైనయా? పెళ్లయిన నాటి నుంచి జొన్నరొట్టెలు కొట్టీ కొట్టీ అక్క అరచేతులు చెక్కల్లా అయిపోయాయి. మొన్న దసరాకు ఆమె బిడ్డ ముంబై నుంచి వచ్చింది. అక్కడే ఉద్యోగం. అమ్మకు అరవై నిండుతున్నాయి కదా, ఏం కావాలో కోరుకోమంది. అక్క గాజులు అడుగుతుందని మేమంతా అనుకున్నాం.

"ఒక్క వారం నన్నెవ్వలు రొట్టెలైనయా అని అడుగొద్దు. గంతే," అంది అక్క.

మేం పకపకా నవ్వాం. అక్క నవ్వలేదు. 

బిడ్డ బాగా ఆలోచించింది. హోటల్లో దిగితే బావ అక్కడ కూడా ఎవరో ఒక చుట్టాన్ని వెతికి పట్టుకుంటాడు. గుడికి పోదామంటే సగం ఊరు వెంట వస్తుంది. చుట్టాలు రాలేని చోటు నీళ్ల నడుమ మాత్రమే. ఆమె ఆఫీసువాళ్లు అంతకుముందే అట్లాంటి పడవలో తిరిగి వచ్చారట. ఆ నంబరే ఇచ్చింది.

పడవ కెప్టెన్ మరాఠీ తప్ప మాట్లాడడు. మాలో మరాఠీ వచ్చింది బావకే. అల్లం కొనే సేట్లతో బేరాలు ఆడీ ఆడీ నేర్చుకున్నాడు. కాబట్టి కెప్టెన్ గంటసేపు చెప్పినదాన్ని రెండు ముక్కలు చేసి మాకు అందించే పని ఆయనదైంది. వానాకాలం అనగానే అవతల నుంచి నవ్వు వినిపించింది. దాన్ని తెలుగులోకి మార్చాల్సిన అవసరం రాలేదు. వానలప్పుడు అక్కడ పడవలన్నీ ఒడ్డుకు లాగి తాడిపత్రి పట్టలు కప్పి పెడతారట. ఎండాకాలం కూడా సముద్రంలో నీళ్లు ఉంటాయట. బావ ఫోను పెట్టేశాక, ఆయనెప్పుడన్న బోరేయించిండా, ఆయనకేం ఎరుక అని గొణిగాడు. చివరికి చలికాలం ఖాయమైంది. చేలల్లో అమావాస్య పండుగ అయ్యాక, జొన్న కోతలకు ముందు.

ఆ తీరం మంచిది కాదని కెప్టెన్ ముందే చెప్పాడు. ఒడ్డుకు దగ్గర్లో నీళ్ల కింద బండలుంటాయి, నీళ్లు దిగినప్పుడే బయటపడతాయి. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. వాగులు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు జరుగుతుంటాయి, నీళ్లు పొంగే వేళ చూసుకునే లోపలికి పోవాలి. ఇదంతా తర్వాత బిడ్డ చెబితే తెలిసింది. బావ మాకు చెప్పింది మాత్రం ఇంతే: "రాళ్లున్నయంట. మన చెల్కల లేవా?"

కెప్టెన్ ఇంకో మాట కూడా చెప్పాడు. పడవలో తను తప్ప వేరే పనివాళ్లు ఉండరు. తాళ్లు లాగడం, స్టీరింగ్ పట్టడం, వంట, అన్నీ మనమే చేసుకోవాలి. పడవ ఎంత ఊగినా గ్యాస్ పొయ్యి మాత్రం ఒరగకుండా వేలాడదీసి ఉంటుందట. అది వినగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. అయితే రొట్టెలకు ఫికర్ లేదన్నమాట అన్నాడు. ఆయన, బావ ఇద్దరూ కూర్చుని సామాను చెప్పుకోవడం మొదలుపెట్టారు. జొన్నపిండి, పెనం, ఎల్లిపాయ కారం, నువ్వుల పొడి, తొక్కులు. జాతరకు ట్రాక్టర్ కట్టినట్టే. అక్క చాటలో జొన్నలు పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ వంగిన తల చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. వారం రోజులు రొట్టె తినకపోతే మీ ప్రాణాలేం పోవు అని అరిచాను. ఒట్టి బువ్వ తింటే అలలకు కడుపులో నిలవదని బావ నాకే నచ్చజెప్పాడు. దవాఖాన కూడా దగ్గర్లో ఉండదు అని మా ఆయన వంత పాడాడు. ఈ మగవాళ్లకు ఏమని చెప్పను?

అయితే ఆ పడవలో అందరం పడతామా లేదా ముందు చూసుకుందామన్నాను. బిడ్డ కొలతలు పంపింది. ఆదివారం పొద్దున కళ్లంలో ముగ్గుపిండితో పడవను ఉన్నదున్నట్టు గీశాను. ముందర కొస, వెనక కొస, పడుకునే చోట్లు, వంటమూల, అందులో నిజం గ్యాస్ పొయ్యి. మరుగుదొడ్డికి గీసిన చోటు చూసి బావ అందులోకి పోనని ఖండితంగా చెప్పాడు. ఎండ తగులుతుందని పడవ వెనక భాగాన్ని చెరిపి వేపచెట్టు నీడలోకి సాగదీశాడు. స్టీరింగ్ ఏది అన్నాను. ఇంట్లోకి పోయి అక్క రోజూ పిండి పిసికే గుండ్రటి పెద్ద పళ్లెం, పరాత్ తెచ్చి, బోర్లించిన గంపకు ఆనించి నిలబెట్టాడు. గీత దాటినవాళ్లు మునిగినట్టే అని షరతు పెట్టుకున్నాం.

పడవ బయలుదేరింది. ఒక కోడిపుంజు అడగకుండానే ఎక్కింది. అక్క ఎవరూ చెప్పకముందే పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. కాసేపటికి బర్రె తాడు తెంపుకుని చెరకులో పడింది. బావ "ఓహ్" అనుకుంటూ గీత దాటి ఉరికి, అందరికన్నా ముందు మునిగాడు. ఆయనను కాపాడతానని మా ఆయన దూకాడు గానీ, కాపాడింది లేదు, గోడ పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. మొగోళ్లిద్దరూ సముద్రం పాలయ్యారు. పడవలో అక్క, నేను, పుంజు మిగిలాం.

అనుకున్న వేళకు కెప్టెన్ వీడియో కాల్ చేశాడు. ముంబై నుంచి బిడ్డ కూడా అందులో ఉంది. స్టీరింగ్ పాఠం ఆ రోజు. బర్రెను కట్టేసి వచ్చిన బావ, మునిగినవాడు మునిగినట్టే గీత అవతల నిలబడి మాకు అర్థం చెప్పాడు. బండల మధ్య పోయేటప్పుడు స్టీరింగ్ పట్టినవాళ్లు ఏం జరిగినా సరే చెయ్యి తియ్యొద్దు. ఆకలైనా, ఎవరు పిలిచినా సరే.

సరిగ్గా అప్పుడే మొగుడంపల్లి నుంచి బావకు వరసకు తమ్ముడయ్యే ఆయన, పెళ్లాంతో బండి మీద దిగాడు. నేరుగా కళ్లంలోకి వచ్చి, గీత ముందర, అంటే నడి సముద్రంలో నిలబడి, పడవను ఎగాదిగా చూశాడు. ఇదేందని అడగలేదు.

"రొట్టెలైనయా వదినె?" అన్నాడు.

ముగ్గుతో గీసిన పడవలోకి కూడా చుట్టాలు వచ్చేశారు. అలవాటైన చెయ్యి కదా, అక్కది పిండి డబ్బా మీదికి పోయింది. మూత తీసి పరాత్ కోసం అటూ ఇటూ చూసింది. "గా పరాత్ తీసుకోరాదు," అన్నాడు బావ, స్టీరింగ్ వైపు చూపిస్తూ.

అక్క లేచింది. చీర కుచ్చిళ్లు దోపుకుంది. వెనక కొసకు నడిచిపోయి గంప వెనకాల చతికిలబడి, పరాత్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"నేను ఇడ్సిపెడితే పడవ రాళ్లకు కొడ్తది," అంది. "పిండి ఆడ ఉన్నది."

  బావ అరుస్తాడనే అనుకున్నాను, అరిస్తే నేనేమనాలో కూడా నాలుక మీద పెట్టుకున్నాను. ఆయన అక్కనే చూస్తున్నాడు. ఎంతసేపటికీ చూపు తిప్పలేదు. పరాత్ పట్టుకున్న ఆ చేతులను అంతకుముందు చూడనట్టే చూశాడు. తర్వాత ఫోనులోకి వంగి మరాఠీలో ఏదో అడిగాడు. కెప్టెన్ చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. బావ తలూపి మావైపు తిరిగాడు.

"ఎవలు మొదలు పట్టుకుంటరో, వారమంత వాళ్లే పట్టాలెనంట," అన్నాడు. "మార్చొద్దంట."

చెప్పి, కాళ్లకు అంటిన మట్టి దులుపుకుని పడవెక్కాడు. వంటమూలలో కూర్చుని అన్నం గిన్నెలో పిండి పోసి పిసకడం మొదలుపెట్టాడు. నీళ్లు ఎక్కువై మళ్లీ పిండి పోశాడు, పిండి ఎక్కువై మళ్లీ నీళ్లు పోశాడు. మొగుడంపల్లి ఆయన సముద్రంలో నిలబడే, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉన్న రొట్టె నోరెత్తకుండా తిన్నాడు. మా ఆయన రెండోది అడగలేదు. అక్క తినలేదు, చేతులు ఖాళీ లేవని చెప్పి పొద్దువాలే దాకా పడవ నడిపింది. ఆమె అంత నవ్వడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి బిడ్డ ఫోను చేసింది. ఆమెకు మరాఠీ నీళ్లు తాగినంత సులువు.

"చిన్నమ్మా, కెప్టెన్ గట్ల చెప్పనే లేదు. గంటకొకలు మారాలె, లేకుంటే భుజాలు పోతయన్నడు. నాయినకు మరాఠీ రాదా ఏంది?"

"మీ నాయినకు మరాఠీ మస్తు వస్తది," అన్నాను. "నువ్వు ఊకో."