ఎడమవైపు అద్దం

మంథనిలో బస్టాండుకు పోయే దారిలో నాకు ఒక చిన్న షెడ్డు ఉంది. కార్లకు కరెంటు పనులు చేస్తాను. యాసంగి కోతలప్పుడు ఒక పొద్దున ఇద్దరు అన్నదమ్ములు కారు తీసుకొచ్చారు. ఇద్దరి తలలూ గుండ్లే. అన్న దుబాయి నుంచి తల్లి చావుకు వచ్చినవాడు. కారు అతని సంపాదనతో కొన్నది, నడిపేది తమ్ముడు. ఇంటి ముందు దాన్ని వెనక్కి తీస్తుంటే, పక్కనే వడ్లు ఆరబోస్తున్న తల్లి ఎడమవైపు చక్రం కింద పడి చనిపోయింది.

"వెనక చూసే ఎడమ అద్దం పైకి లేసి ఉండె, కిందికి దిగలే అంటుండు వీడు. నిజమో కాదో నువ్వే చూడు," అన్నాడు అన్న.

తమ్ముడు గోడ దగ్గరే నిలబడ్డాడు.

ఎడమ తలుపు తెరిచి పెట్టి, తాళం తిప్పి అద్దాన్ని తిప్పే మీట నొక్కాను. అద్దం మెల్లగా కిందికి దిగింది.

"చూసినవా, మంచిగనే దిగుతుంది," అన్నాడు అన్న నాతో. తమ్ముడు తల ఎత్తలేదు.

నాకు తృప్తి కలగలేదు. అద్దాన్ని మళ్ళీ పైకి లేపి, ఈసారి తలుపు మూసి నొక్కాను. పక్కలకు తిరిగింది కానీ కిందికి రాలేదు. తలుపు తెరిస్తే వచ్చింది. అంటే మోటారు బాగానే ఉంది. తలుపుకూ బండికీ మధ్య వైర్లు పోయే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగాను. ఒక వైరు పైకి బాగానే ఉంది, వేళ్ళతో నొక్కితే లోపల మెత్తగా తగిలింది. పై తొడుగు అట్లాగే ఉండి, లోపలి రాగి తెగిపోయింది. తలుపు మూసినప్పుడల్లా తెగిన కొసలు విడిపోతున్నాయి.

అన్నకు చూపించాను. అతను ఆ వైరును చాలాసేపు పట్టుకుని, పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"అద్దం పనిచేస్తలేదని ముందుగాలనే ఫోన్ల చెప్పిండు నాకు. బండి తీసుడు ఇష్టం లేక సాకులు చెప్తుండనుకున్న." తమ్ముడి వైపు తిరిగాడు. "తమ్మీ, నీ తప్పు లేదురా."

ఆ మాటతో తమ్ముడికి కాస్త బరువు దిగుతుందనుకున్నాను.

"అద్దంల ఏం కనబడతలేదని నాకు తెల్సు గదనే," అన్నాడు తమ్ముడు. "జర దిగి చూస్తె అయిపోతుండె."

వైరు కలిపి టంకం వేసి, టేపు చుట్టాను. తలుపు మూసి నొక్కితే అద్దం దిగింది. అందులో వెనక చక్రం, దాని పక్క నేల కనిపించాయి. చూడమని తమ్ముణ్ణి పిలవలేకపోయాను.

పోయేటప్పుడు అన్న తాళం చెవి చాపాడు. తమ్ముడు తీసుకోలేదు, వెనక సీట్లో కూర్చున్నాడు. అన్నే నడుపుకుంటూ పోయాడు.

దుబాయి పోయే ముందు కారు అమ్మేశాడని తర్వాత తెలిసింది. తమ్ముడు పెద్దపల్లి బస్సు కోసం నిలబడి అప్పుడప్పుడు కనిపిస్తాడు. పలకరిస్తే తల ఊపుతాడు, అంతే.