గన్నేరు కింద మొలిచిన పుట్టగొడుగులు

రిటైర్మెంటుకు ముందటేడు, అరవ నెల చిత్తిరైలో, నన్ను తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రికి వేశారు. హోదా సీనియర్ సివిల్ సర్జన్. మనుషులు చాలక చేసిన పని క్యాజువాలిటీలో. ఎండాకాలం వానలు పడ్డాయంటే పుట్టగొడుగులు మొలుస్తాయి, వాటి వెనకే వాంతుల కేసులు వస్తాయి.

ఒక సాయంత్రం పక్క పల్లె నుంచి అమ్ములు అనే కొత్త కోడల్ని ఆటోలో తెచ్చారు. పొద్దున ఇంట్లో పుట్టగొడుగుల కూరట, నాలుగింటి నుంచి ఆగని వాంతులు. వెంట వచ్చిన మొగుడు, అత్త, మామ మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నారు.

"అందురమూ పొద్దన తొమ్మిదికి ఆ కూరే తినినాము సార్, మాకేమీ కాలేదే!" అన్నాడు మామ. "మావాడు యాపచెట్టు కింద పుట్టమీదవీ, గన్నేరు కిందవీ కలిపి తెచ్చినాడు. గన్నేరువి నేనే ఏరి పెరట్లో పారేసినా. దాని విషం కాళానుకి ఎక్కుతాది, నాకు తెలీదా?"

కాళాను అంటే అరవంలో పుట్టగొడుగు. ఇలాంటి కేసుల్లో మాకు గడియారమే దిక్కు. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులైతే సాధారణంగా సెలైన్‌తో గట్టెక్కుతారు. ఆరు గంటలు దాటి మొదలైతే అది కాలేయాన్ని తినేసే జాతి కావచ్చు, చెన్నైకి పంపాలి. ఇక్కడ ఏడు గంటలు!

నా బుర్ర తిరిగిపోయింది. ఒకే గిన్నెలో కూర ముగ్గురిని వదిలి ఒక్కర్నే పట్టుకోవడమేమిటి? పురుగుమందేమోనని అత్త వంక అనుమానంగా చూశాను కూడా. ఆ పెద్దాయన చెప్పే చెట్ల లెక్కా అంతే. పుట్టమీది గొడుగుకు చుట్టరికం చెదలతో గానీ వేపతో కాదు. గన్నేరు విషం దానికి ఎక్కుతుందని నేను ఎక్కడా చదవలేదు. అయినా ఆయన ఏరిన కూర తిన్నవాళ్ళు సుఖంగానే ఉన్నారు. ఏది నమ్మాలో తోచలేదు.

చెన్నైకి రెఫరల్ రాసి అంబులెన్సు పిలిపించాను. "బతుకుతుందా సార్?" అని మొగుడు బావురుమన్నాడు. కడుపు పరీక్ష చెయ్యాలని అందర్నీ బయటికి పంపి, నర్సును తోడుంచుకున్నాను. అప్పుడు నోరు విప్పింది ఆ పిల్ల.

"అత్తకి చెప్పద్దు సార్. పొద్దన కూర నా దాకా రాలేదు, గిన్నె గోకినా ఏమీ లేదు. ఆశగా ఉన్నింది. మద్దేనం అందురూ పండుకున్నాక, మామ పారేసినవి కడిగి వండుకొని రెండింటికి తినినా."

"ఓసి పిచ్చితల్లీ!" అన్నాను. ఏడు గంటలు రెండయ్యాయి, నాకు ప్రాణం లేచొచ్చింది. అంబులెన్సు వద్దన్నాను. మామ ఎందుకని అడిగితే, మందు పనిచేసిందన్నాను. అయినా ఒక్క మాట నమ్మి పంపెయ్యలేం కదా. వార్డులో పెట్టి, కాలేయం పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించాను. అన్నీ సరిగ్గా వచ్చాకే ఇంటికి పంపాను. పెరట్లో మిగిలిన ముక్క తెప్పిస్తే ఎండకు ముద్దయి వచ్చింది. అది ఏ జాతో, గన్నేరుకు అందులో పాత్ర ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఒక్కటే. ఆ తర్వాత విషాహారం కేసు వస్తే, ఎప్పుడు తిన్నారని ఇంటి పెద్దను అడిగి ఊరుకోలేదు. వండినామెను విడిగా కూర్చోబెట్టి, "అందరికీ పెట్టినాక నీకేం మిగిలిందమ్మా?" అని అడిగేవాణ్ణి.