రాతి ఇంటి గడప

ఐర్లండ్‌లో లిమరిక్ ఊరు దాటాక మేము అద్దెకున్న రాతి ఇంటిని ఎవరో ఇంగ్లీషు దొర కట్టించాడు. గోడల మందం చూస్తే ఆయన పక్కింటివాళ్ల తుమ్ముకి కూడా జడిసేవాడనిపిస్తుంది. తర్వాత వచ్చిన ప్రతివాడూ అందులో ఏదో ఒకటి మార్చాడు. గుర్రాలశాల మా స్నానాలగది అయింది. వెనక మెట్లు కాస్త దూరం ఎక్కి గోడకి తల కొట్టుకుని ఆగిపోతాయి. ఇప్పుడది ప్రభుత్వం కాపాడుతున్న పాత కట్టడం, మేకు కొట్టకూడదు. అందుకని వెంకన్న పటం ఏడాదిగా కుర్చీలో కూర్చుంది, మేము నిలబడ్డాం.

లీజు అయిపోవచ్చింది. "నా రాయికి మచ్చ పడకపోతేనే మళ్లీ రాస్తాను" అని ఇంటి ఓనరమ్మ, డెబ్బై దాటిన పెద్దావిడ, ముందే చెప్పింది. శనివారం చూడటానికి వస్తానంది. ఈ చుట్టుపక్కల ఇంకో ఇల్లు ఖాళీ అయితే దాని ముందు లైను డబ్లిన్ దాకా ఉంటుంది.

మా ఆవిడ ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసేది, వాన కడిగేసేది. ఆ వారం మాత్రం ఐర్లండ్ పుట్టాక ఎరగని ఎండ కాసింది. పసుపు ఇంకిపోయింది.

"ఏమండీ, పోవట్లేదు" అంది శనివారం పొద్దున.

"సబ్బు పెట్టి తోము."

తోమింది. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో ప్రతి తెలుగింట్లోనూ తెలుసు, ఆ పూట మా ఇంట్లో తప్ప. గడప ఎర్రగా, మేకని కోసినట్టు తయారైంది.

"మీరేగా సబ్బన్నారు."

"నువ్వేగా పసుపు రాశావు."

గులకరాళ్ల మీద కారు చక్రాలు కరకరలాడాయి. గడప మీద కాళ్లు తుడుచుకునే పట్టా పరిచి, ఇద్దరం దాని మీద నిలబడ్డాం.

పెద్దావిడ గది గదీ తిరిగి, గోడల్ని పెళ్లిచూపుల్లో అత్తగారిలా నిమిరి, మా ముందుకొచ్చి ఆగింది.

"కాస్త జరగండి."

చేతికర్రతో పట్టా ఎత్తింది. నా గుండె చప్పుడు కార్క్ ఊరిదాకా వినపడి ఉంటుంది.

"రక్తమా?"

"పసుపండీ. లక్ష్మీదేవి వచ్చే దారని గడపకి రాస్తాం" అంది మా ఆవిడ, తనకొచ్చిన ఇంగ్లీషులో.

పెద్దావిడ వంగి గోటితో గీకింది. "ఇది రాయి కాదు, సిమెంటు. ఇక్కడ కిటికీ ఉండేది. మా మామగారు దాన్ని కొట్టించి తలుపు పెట్టి, కింద ఈ దరిద్రం పోయించాడు. కాపరానికొచ్చినప్పటి నుంచీ దీన్ని చూస్తే నాకు ఒళ్లు మంటే. ఇప్పుడు గ్రాండ్‌గా ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ మొహం మాత్రం వాడిపోయింది. "అయితే ఏడాదిగా లక్ష్మీదేవిని కిటికీ దూకమన్నానా? అసలు గడపేదండీ?"

పెద్దావిడ వెనక గదిలోని ప్రెస్ తలుపు తీసింది. ఇక్కడ అలమరాని అలాగే అంటారు. పాత వాకిలిని మూసేసి చేసిందట అది. మా బియ్యం బస్తా జరిపించింది. దాని కింద రాతి గడప, దొరల బూట్లకి నడుమ అరిగి పళ్లెంలా ఉంది.

"దీనికి పసుపు రాశావో, లీజు లేదు."

ఊరుకోవే అని నేను కళ్లతో దణ్ణం పెడుతున్నా మా ఆవిడ అడిగేసింది. "పువ్వు పెట్టొచ్చా?"

పెద్దావిడ ఆలోచించింది. ఆ కాస్తలో ఇంకో దొర వచ్చి ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు.

"పువ్వైతే పెట్టుకో. వచ్చే ఏడాది నేనొచ్చేసరికి మాత్రం దీని మీద బస్తా కనపడకూడదు."

వేరే చోటు లేక బస్తాని వెంకన్న పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. మేమింకా నిలబడే ఉన్నాం.